రెండిళ్ల నంబరు

అత్తగారి సంచి గుమ్మం బయట ఉంది. అత్తగారు మాత్రం హాల్లో కుర్చీలో కూర్చుని తాపీగా టీ తాగుతోంది.

సంచి బయట పెట్టింది పెద్దకోడలు. నెలాఖరుకు ఇంకా వారం ఉంది. వంతు ప్రకారం ఆ వారం కూడా అత్తగారు పెద్దకొడుకు ఇంట్లోనే ఉండాలి. ఒకటో తారీఖున రెండు వీధుల అవతల ఉన్న చిన్నకొడుకు ఇంటికి వెళ్లాలి. అన్నదమ్ములు వేరుపడిన దగ్గర్నుంచి ఆ వంతు ఒక్కసారి కూడా తప్పలేదు.

"మీ మనసు ఎటూ అక్కడే ఉంది కదా అత్తయ్యా. మనిషిని మాత్రం ఇక్కడెందుకు ఉంచుతారు? ఇవాళే వెళ్లండి" అంది పెద్దకోడలు.

అత్తగారు ఇంకో గుక్క తాగింది. టీలో పంచదార తక్కువైందని మాత్రం అంది.

ఆ మాటతో పెద్దకోడలికి ఒళ్లు మండిపోయింది. స్కూలు బస్సు ఉదయం ట్రిప్పు ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చిన ఆమె భర్త తాళాల గుత్తి చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. లోపలికొస్తే పెళ్లాం, బయటికెళ్తే అమ్మ సంచి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెద్దవాళ్లతో ఆ మాటలేమిటని గొణిగాడు. అయితే రేపు సాయంత్రంలోగా కాలేజీ ఫీజు మీరు తెచ్చి కట్టండి అని ఆమె అనేసరికి తాళాలు జేబులో వేసుకుని చెప్పులు విప్పడంలో మునిగిపోయాడు.

విషయం అదే. వాళ్లమ్మాయికి పశువైద్యం కాలేజీలో సీటొచ్చింది. రేపు సాయంత్రంలోగా మొదటి ఏడాది ఫీజు కట్టకపోతే ఆ సీటు తర్వాతి పిల్లకో పిల్లాడికో వెళ్లిపోతుంది. బస్సు డ్రైవరు జీతంలోంచి ఆ ఫీజు రాదు. రావలసింది సూపర్ మార్కెట్లో పోగైన పాయింట్ల నుంచి.

కొన్న సరుకులకు పాయింట్లు ఇవ్వడం ఏ దుకాణమైనా చేస్తుంది. ఆ సూపర్ మార్కెట్లో మరో ఏర్పాటు ఉంది. పాయింట్లను సరుకుల మీద తగ్గింపుగా వాడుకోకుండా 'చదువు ఖాతా'లో వేసుకుంటే, పిల్లలు కాలేజీకి వచ్చినప్పుడు దుకాణమే ఆ మొత్తాన్ని నేరుగా కాలేజీకి కడుతుంది. ఖాతా అత్తగారి పేరు మీద ఉంది. బిల్లు వేసేటప్పుడు అత్తగారి ఫోన్ నంబరు చెప్తే చాలు.

ఆ పాయింట్ల కోసం పెద్దకోడలు పడ్డ పాట్లు ఆ ఇంటి గోడలకి తెలుసు. ఎదురుగా కొట్టు ఉన్నా అగ్గిపెట్టె కూడా అక్కడ కొననిచ్చేది కాదు. బుధవారం రెట్టింపు పాయింట్లు. సోమవారం టీపొడి అయిపోతే బుధవారం దాకా అందరూ వేణ్ణీళ్లు తాగాల్సిందే. ఒకసారి ఓట్స్ మీద నాలుగింతలు ఇస్తామన్నారు. ఆ నెలంతా పొద్దున ఓట్స్, రాత్రి ఓట్స్. బస్సుకి డీజిలు, గుర్రానికి దాణా అంటారు, డ్రైవరుకి కూడా దాణాయేనా అని ఆయన వాపోయాడు. అటక మీద సబ్బులు ఎన్ని పోగయ్యాయంటే, దించితే ఊరందరికీ తలంట్లు పోయొచ్చు.

ఇంత చేస్తే నిన్న ఏమైంది? పని జరిగిందో లేదో కనుక్కుందామని సూపర్ మార్కెట్‌కి వెళ్తే, అక్కడి అమ్మాయి కంప్యూటర్ తెర ఇటు తిప్పి చూపించింది. ఖాతా ఆపేశారు. ఫీజు కోరుతూ ఒకటి కాదు, రెండు దరఖాస్తులున్నాయి. ఒకటి తన కూతురి పేరు మీద. రెండోది చిన్నకోడలి కొడుకు పేరు మీద. రెండింటికీ ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పింది అత్తగారే.

"నాన్నమ్మని ఏమీ అనకమ్మా. నేనడిగితే వెంటనే చెప్పింది" అంది కూతురు వంటింటి గుమ్మంలోంచి.

"నీకు సోమవారం చెప్పింది. మంగళవారం వాడికి చెప్పింది. మనం పస్తులుండి పోగేసింది పట్టుకెళ్లి మనవడి చేతిలో పెట్టింది" అంది తల్లి.

పస్తులు ఎవరూ లేరని, ఓట్స్ తిన్నామని చెప్పబోయి డ్రైవరు ఆగిపోయాడు. ఆయనకు అప్పుడప్పుడు బుద్ధి సమయానికే పనిచేస్తుంది.

అత్తగారు టీ గ్లాసు కింద పెట్టింది. ఏదో చెప్పబోయింది. అంతలో గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

వచ్చింది చిన్నకోడలు. వేరుపడ్డాక ఆమె ఆ గడప తొక్కడం ఇదే మొదలు. ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగం. సెలవు పెట్టి వచ్చిందో, చెప్పకుండా వచ్చిందో, మెడలో గుర్తింపు కార్డు అలాగే ఉంది. బయట ఉన్న సంచిని చూసి, లోపల ఉన్న అత్తగారిని చూసి, చివరికి తోడికోడలి వైపు తిరిగింది.

"మా వాడి ఫీజుకి అడ్డంపడి నీకు ఏం ఒరిగిందక్కా?" అంది.

పెద్దకోడలికి నోట మాట రాలేదు. తను అనవలసిన మాటను అవతలి మనిషి ముందే అనేస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది.

తర్వాత మాత్రం నోళ్లు బాగానే లేచాయి. ఒకరు పాయింట్లు తనవంటే ఇంకొకరు తనవన్నారు. చిన్నకోడలు తన కష్టమంతా ఏకరువు పెట్టింది. ఆసుపత్రి నుంచి నిలబడి నిలబడి కాళ్లు వాచి వస్తూ కూడా, పక్కనే ఉన్న దుకాణం వదిలి అంత దూరం నడిచి వెళ్లి కొనేదట. లిఫ్టులు బాగుచేసే భర్త నూనె చేతులతో ఇంటికొచ్చి సబ్బు అడిగితే, బుధవారం దాకా ఆగమనేదట. కొడుకు యంత్రాల చదువుకి తయారవుతుంటే పాలపొడి కూడా లెక్కపెట్టి వేసిందట. ఏ నంబరు చెప్పి కొన్నావని పెద్దకోడలు నిలదీసింది.

"అత్తయ్య నంబరు. ఇంకెవరి నంబరు చెప్తాను?"

పెద్దకోడలు అత్తగారి ఫోన్ వైపు చూసింది.

వేరుపడినప్పుడు వాళ్లు గిన్నెలు పంచుకున్నారు. మంచాలు పంచుకున్నారు. ఫ్రిజ్ ఎవరిదన్న దగ్గరే గొడవ ముదిరి మాటలు తెగిపోయాయి. చివరికి దాన్ని అమ్మేసి డబ్బు చెరిసగం చేశారు. గోడ గడియారానికి ముళ్లు రెండున్నాయి కదా అని చెరొకటీ పీక్కోలేదు గానీ, అంత పనీ చేసేవారే. సూపర్ మార్కెట్లో చెప్పే నంబరు మాత్రం ఎవరూ వదల్లేదు. తను కొత్త నంబరు తీసుకుంటే పాత పాయింట్లు అవతలామె మింగేస్తుందని ఇద్దరికీ భయం. అవతలామె ఈపాటికి కొత్తది తీసుకునే ఉంటుందని ఇద్దరికీ నమ్మకం. అలా ఇన్నేళ్లూ రెండిళ్లూ ఒకే కుండలో నీళ్లు పోస్తూ వచ్చాయి.

"మీకు తెలుసా అత్తయ్యా?" అని అడిగింది పెద్దకోడలు. గొంతు తగ్గింది.

"తెలియకేం. బిల్లు పడ్డప్పుడల్లా మెసేజ్ నా ఫోనుకే వస్తుంది" అంది అత్తగారు.

ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయిన మనిషి. కోడళ్లిద్దరూ చాటుగా ఆవిడను 'ఎక్స్‌ఛేంజి' అనే పిలిచేవారు. నెలకొకసారి ఇటు నుంచి అటు తిరిగే మనిషి కబుర్లు మోస్తుందని ఇద్దరి అనుమానం. నిజానికి ఆవిడ ఒక్క కబురు మోసిన పాపాన పోలేదు. లైను కలపడమే గాని, విన్నది బయట పెట్టడం ఆ ఉద్యోగంలో లేదు.

"మొత్తం ఎంతైందని మీరు అడిగినప్పుడు సగమే చెప్పేదాన్ని" అంది ఇద్దరినీ చూసి. "ఏడాది కొనుగోళ్లు ఒక హద్దు దాటితే వాళ్లు పాయింట్లు మూడింతలు ఇస్తారు. మీలో ఏ ఒక్కరూ ఆ హద్దు దాటలేరు. ఇద్దరూ కలిస్తే ప్రతి ఏడూ దాటారు. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే ఏం చేసేవాళ్లు? ఆవిడ మేలు కోసం నేనెందుకు మొయ్యాలని సంచులు కింద పడేసేవాళ్లు."

ఇద్దరూ కాదనలేదు. కాదనడానికి మొహం ఉండాలిగా.

"పిల్లలిద్దరికీ సరిపోతుంది. నేను చూశాను. ఇద్దరి పేర్లూ ఒకే వారంలో పంపితే వాళ్ల కంప్యూటరు బిగుసుకుంటుందని మాత్రం నాకు తెలియలేదు. అది నా తప్పే" అంది అత్తగారు. అప్పుడు మొదటిసారి ఆవిడ గొంతులో బెదురు వినిపించింది.

డ్రైవరు వెళ్లి గుమ్మం బయట ఉన్న సంచి లోపలికి తెచ్చి పెట్టాడు. ఎవరూ వద్దనలేదు.

సూపర్ మార్కెట్ వెనకవైపు, అట్టపెట్టెల గుట్టల మధ్య సూపర్‌వైజరు గది. ముగ్గురు ఆడవాళ్లూ అందులో ఇరుక్కుని కూర్చున్నారు. సూపర్‌వైజరు కుర్రవాడు, మెత్తని మనిషి. మెత్తగానే వాళ్ల గుండెలో రాయి వేశాడు.

ఒక ఖాతా ఒక కుటుంబానిదేనట. రెండు కుటుంబాలు ఒక ఖాతా వాడుకున్నాయని తేలితే మూడింతలు రద్దవుతుందట. మామూలు లెక్కన మిగిలేది ఇద్దరికి కాదు కదా, ఒక్కరి ఫీజుకి కూడా చాలదట. తన చేతిలో ఉన్నది ఒకటే దారి అన్నాడు. రెండింటిలో ఒక దరఖాస్తు వెనక్కి తీసుకుంటే, రెండో కుటుంబం లేనట్టే లెక్క. ఖాతా ఇప్పుడే తెరుస్తాడు. ఆ ఒక్క పిల్లకో పిల్లాడికో ఈ ఏడాదే కాదు, పై ఏడాది ఫీజు కూడా వచ్చేస్తుంది.

"ఎవరిది తీసెయ్యమంటారు?" అని అడిగాడు.

ఇక్కడ ఎవరో ఒకరు కన్నీళ్లతో త్యాగం చేస్తారని ఎదురుచూసే పాఠకులు క్షమించాలి. ఆ గదిలో అలాంటిదేమీ జరగలేదు. పెద్దకోడలు గోడ వైపు చూసింది. చిన్నకోడలు నేల వైపు చూసింది. కన్నబిడ్డ సీటు పళ్లెంలో పెట్టి పక్కింటికి ఇవ్వడానికి ఇద్దరికీ చేతులు రాలేదు. అవతలామె బిడ్డ సీటు లాక్కోమంటే మాత్రం, వింతగా, దానికీ నోరు రాలేదు.

బయట బండ్ల చక్రాలు కీచుమంటున్నాయి.

చివరికి పెద్దకోడలు లేచి నిలబడింది. "బాబూ, మీ నియమంలో కుటుంబమంటే ఏమని రాసుంది? మీరనుకునేది కాదు, రాసింది చదవండి."

అతను తెర మీద వెతికి చదివాడు. ఖాతాదారు నివసించే ఇంటివారు.

వెంటనే చిన్నకోడలు తల ఎత్తింది. రోజంతా రోగుల చిరునామాలు రాసుకునే మనిషి. "నివసించే ఇల్లు ఒక్కటే ఉండాలని రాసుందా?" అంది.

లేదు. ఎక్కడా లేదు. అయినా ఒక మనిషి రెండిళ్లలో ఎలా నివసిస్తుందని సూపర్‌వైజరు నవ్వాడు. మాటకి ఎవరైనా చెప్తారు, రుజువేదీ అన్నాడు.

"మీ దగ్గరే ఉంది నాయనా" అంది అత్తగారు. "బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు మీ బండి ఇంటికి తెచ్చి దింపుతుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున నేనే ఫోన్ చేసి చిరునామా మారుస్తాను. ఈ నెల ఇక్కడ, వచ్చే నెల అక్కడ. చూసుకో."

అతను చూసుకున్నాడు. చూస్తూనే నవ్వు మానేశాడు. ఏళ్ల తరబడి, ఒక నెల ఒక చిరునామా, మరు నెల మరో చిరునామా, మళ్లీ మొదటిది. వంతు తప్పని మనిషి సరుకులు కూడా వంతు తప్పలేదు. సొంత దుకాణం లెక్కలే ఆవిడ రెండిళ్ల మనిషని చెప్తుంటే కాదనడానికి అతనికి దారి దొరకలేదు. పెద్దాఫీసుకి ఫోన్ చేస్తానని బయటికి వెళ్లాడు.

తోడికోడళ్లు ఒకే బెంచీ మీద పక్కపక్కన మిగిలారు. చిన్నకోడలు బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి, తాగి, కాసేపు తటపటాయించి, పక్కకు జరిపింది. పెద్దకోడలు తాగింది.

"ఆ ఫ్రిజ్ అమ్మకుండా ఉండాల్సిందక్కా. ఆ డబ్బుతో మాకు సగం ఫ్రిజ్ కూడా రాలేదు" అంది చిన్నకోడలు.

"మాకు మాత్రం వచ్చిందా?" అంది పెద్దకోడలు.

ఇద్దరూ నవ్వారు. నవ్వాక సిగ్గుపడి చెరో వైపు చూశారు.

సూపర్‌వైజరు తిరిగొచ్చి పెద్దాఫీసు ఒప్పుకుందన్నాడు. అయితే ఒక షరతు. రెండిళ్ల పెద్దవాళ్లంతా తాము ఒకే కుటుంబమని సంతకం పెట్టాలి. అంటే ఆడవాళ్లతో పాటు అన్నదమ్ములిద్దరూ కూడా.

ఈ మాటకి అత్తగారు కూడా కాస్త జంకింది. కొడుకులిద్దరూ ఎదురుపడితే రోడ్డు మారిపోయే రకం. కానీ కోడళ్లు జంకలేదు. చెరో ఫోన్ తీశారు. ఏం చెప్పారో బయటికి వినిపించలేదు గానీ, ఇద్దరి సంభాషణా ఒక్క నిమిషం కూడా సాగలేదు. కాసేపటికి డ్రైవరు ఒక తలుపు నుంచి, లిఫ్టు మెకానిక్కు ఇంకో తలుపు నుంచి వచ్చారు. సబ్బుల వరస దగ్గర ఒకరికొకరు ఎదురయ్యారు. మారడానికి అక్కడ రోడ్డు లేదు.

గదిలోకి వచ్చాక అన్న సంతకం పెట్టాడు. పెన్ను బల్ల మీద పెట్టబోయి, ఆగి, తమ్ముడి చేతికిచ్చాడు. తమ్ముడు పుచ్చుకున్నాడు. వాడి చేతికి ఇంకా నూనె ఉంది. కాగితం మీద బొటనవేలి మరక పడింది. తుడవబోతే ఫరవాలేదని సూపర్‌వైజరు అన్నాడు.

తర్వాత అంతా గబగబా జరిగిపోయింది. అత్తగారి ఫోన్ మోగింది. ఒక మెసేజ్. వెంటనే మరొకటి. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, పాత ఉద్యోగపు గొంతుతో, ప్రతి మాటా విడగొట్టి చదివింది. మనవరాలి ఫీజు పశువైద్యం కాలేజీకి చేరింది. మనవడి ఫీజు ఇంజనీరింగ్ కాలేజీకి చేరింది. సీట్లు ఖాయం.

పెద్దకోడలు రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. చిన్నకోడలు ఏడవలేదు. సూపర్‌వైజరు చేయి పట్టుకుని ఊపుతూనే ఉంది, అతను విడిపించుకోలేక నవ్వుతున్నాడు. ఓట్స్ తిన్న నెల, వేణ్ణీళ్లు తాగిన పొద్దులు, దూరం నడిచిన కాళ్లు, అన్నీ ఆ రెండు మెసేజ్‌ల్లోకి వచ్చి చేరాయి. గెలుపంటే ఇదే. ఆ గెలుపు చేతికందిన మనుషులు ఏం చేశారు? ఆ రోజు బుధవారం కాబట్టి, తోడికోడళ్లిద్దరూ ఒకే బండి తోసుకుంటూ వెళ్లి సబ్బులు కొన్నారు. రెండింతలు ఎలా వదులుకుంటారు?

బిల్లు వేసే అమ్మాయి నంబరు అడిగింది. ఇద్దరూ ఒకేసారి, ఒకే గొంతుతో చెప్పారు. వరసలో వెనక నిలబడ్డ వాళ్లు కూడా నవ్వారు.

పిల్లలకి కబురు చెప్పడానికి అన్నదమ్ములు ముందు నడిచారు. మధ్యలో ఇంకా ఇద్దరు మనుషులు పట్టేంత ఖాళీ ఉంది గానీ, ఒకే వైపు నడుస్తున్నారు. వెనకాల కోడళ్ల మధ్య అత్తగారు.

"కాగితంలో ఇంకో ముక్క ఉంది, చదివారా?" అంది ఆవిడ. "ప్రతి ఏడూ తనిఖీ చేస్తారట. పిల్లల చదువులు అయ్యేదాకా మీరు ఒకే కుటుంబం. సంతకాలు పెట్టేశారు."

కోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కనుక నేనిక వంతులు తిరగను. ఈ మోకాళ్లతో నెలనెలా ఇల్లు మారడం నా వల్ల కాదు. ఒక ఇల్లు, ఒక మంచం. ఎవరింట్లోనో మీరే తేల్చండి."

"మా ఇంట్లోనే" అంది పెద్దకోడలు.

"మా ఇంట్లోనే" అంది చిన్నకోడలు, అదే క్షణంలో.

పొద్దున తనను బయటికి పంపబోయిన మనిషి గదులు కూడా చెప్పడం మొదలుపెట్టింది. గాలి వచ్చే గది అంది. రెండో ఆమె బాత్రూమ్ పక్కనే ఉన్న గది అంది. గొంతులు మళ్లీ పెరిగాయి. ముందు నడుస్తున్న అన్నదమ్ములు ఆగి వెనక్కి తిరిగారు.

అత్తగారు నడక ఆపింది. ఇద్దరినీ తేరిపార చూసింది. కోపం లేదు, నవ్వూ లేదు.

"నేను కావాలా? నా నంబరు కావాలా?" అని అడిగింది.

ఈసారి ఇద్దరిలో ఎవరూ ముందు నోరు విప్పలేదు.